పళ్లెములోని నీళ్లు

ధ్యాన భాగము: యోహాను సువార్త 13వ అధ్యాయము, 1 నుండి 17 వచనములు



పొలమునుండి వచ్చిన మనుష్యుడు అన్నముకంటె ముందు నీళ్లు అడుగును. వాకిట నిలిచి చెంబెడు నీళ్లు కాళ్లపై పోసికొని, ఒక పాదముతో మరియొక పాదమును రుద్దుకొని, అటు తరువాత లోపలికి వచ్చును. చుట్టము వచ్చినను అంతే. "కాళ్లు కడుక్కోండి" అని చెంబు అందించిన పిమ్మటనే కుశల ప్రశ్నలు. ఈ మర్యాద మనకు ఎవరును బడిలో నేర్పలేదు. పరిశుద్ధ గ్రంథమును తెరచినచో ఇదే మర్యాద అక్కడను కనబడును. అబ్రాహాము ఎండవేళ గుడారపు ద్వారమున కూర్చుండి ముగ్గురు మనుష్యులను చూచినప్పుడు, మొదట మాటలాడినది కాళ్లు కడుగుకొను నీళ్లను గూర్చియే; రొట్టెలు, దూడ మాంసము ఆ తరువాత వచ్చినవి. లాబాను ఇంట అబ్రాహాము దాసునికిని అతనితో వచ్చినవారికిని నీళ్లు ఇచ్చిరి. ఐగుప్తులో ఏమగునో అని భయపడుచున్న యోసేపు సహోదరులకు గృహనిర్వాహకుడు నీళ్లు ఇచ్చెను. పరిసయ్యుడైన సీమోను ప్రభువును భోజనమునకు పిలిచి నీళ్లు ఇయ్యలేదు. ఆ లోటును ప్రభువు చూచీచూడనట్లు విడువక, అతని బల్లయొద్దనే అతనికి చెప్పెను.

ఇంకొక సంగతి గమనించుడి. ఇట్టి చోట్ల ఇంటివారు నీళ్లు ఇత్తురు. వచ్చినవారు తమ కాళ్లు తామే కడుగుకొందురు. ఎదుటివాని పాదమును చేతితో పట్టి కడుగుట దాసుని పని. దావీదు అబీగయీలును పెండ్లికి పిలువనంపినప్పుడు ఆమె నేలవరకు వంగి, ఆయన సేవకుల కాళ్లు కడుగు దాసిగా ఉందునని విన్నవించెను. తన్ను తాను తగ్గించుకొనుటకు అంతకంటె క్రింది మాట ఆమెకు దొరకలేదన్నమాట. కడపటి రాత్రి మన ప్రభువు ఎంచుకొన్నది ఈ పనినే. భోజనపు పంక్తినుండి లేచెను, పైబట్ట తీసి ప్రక్కన పెట్టెను, తువాలు నడుమునకు చుట్టుకొనెను, పళ్లెములో నీళ్లు తానే పోసెను.

ఈ శ్రమకాలములో ఈ భాగమును ధ్యానించుచుండగా సంఘములో కొందరు మమ్మును ఒక ప్రశ్న అడిగిరి. కాళ్లను నీళ్లలో పెట్టి కూర్చున్నచో ఒంటిలోని విషములన్నియు అరికాళ్లగుండ దిగిపోవునట, నిజమేనా అయ్యగారూ, అని. అడిగినవారిలో రోగులు కలరు, అప్పు చేసినవారు కలరు. కనుక సమాధానమును కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మొదట మేలు చెప్పుదము. దినమంతయు నాట్లు వేసి, లేక మోపులు మోసి వచ్చినవాడు బకెట్టులో చీలమండలు మునుగునంత గోరువెచ్చని నీళ్లు పోసికొని పావుగంట కూర్చున్నచో అలసట తీరును. ఇది భ్రమ కాదు. వెచ్చదనమునకు పాదములలోని సన్నని రక్తనాళములు విచ్చుకొనును. ఒంటిలోపలి వేడి పాదములగుండ వెలుపలికి పోవును. లోపలి వేడి కొంచెము తగ్గినప్పుడు నిద్ర వచ్చును. పాదములు వెచ్చగా ఉన్నవారికి నిద్ర త్వరగా పట్టునని స్విట్జర్లండు దేశములోని బాసెల్ పట్టణపు పరిశోధకులు 1999లో ప్రకటించిరి. మన నాయనమ్మలకు ఆ ప్రకటన అందలేదు గాని సంగతి తెలియును. జర్మనీ దేశపు బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అను రోమను కతోలిక గురువు ఉండెను (1821–1897). ఆయన యౌవనములో ఊపిరితిత్తుల జబ్బుచేత బాధపడి, చన్నీటి స్నానములవలన కోలుకొంటినని నమ్మెను. పిమ్మట వోరిషోఫెన్ అను పల్లెలో ఉండి, తనయొద్దకు వచ్చిన రోగులకు నీటి చికిత్స చెప్పుచు, తెల్లవారుజామున మంచుకు తడిసిన గడ్డిలో వట్టి కాళ్లతో నడిపించెను. ఆయన చెప్పినదంతయు నేటి వైద్యులు ఒప్పుకొనరు. అయినను బీదవానికి ఖర్చులేని ఉపశమనము చూపవలెనన్న ఆయన తలంపు మెచ్చదగినదే. నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసికొందురా, వేసికొనుడి. చర్మము పగులనివారికి దానివలన హాని లేదు. అది దేనిని లాగునని మాత్రము అనుకొనవద్దు.

ఇక విషముల సంగతి. నీళ్లలో ఉప్పు వేసి, లోహపు రేకులు దింపి, కరెంటు పారించు తొట్టి ఒకటి పట్టణములనుండి మన సంతలకు కూడ వచ్చినది. అరగంటలో నీళ్లు ఇటుక రంగు తిరుగును, పైన నురుగు తేలును. "చూడండి, ఇదంతా మీ ఒంట్లో విషమే" అని చూపుదురు. చూచినవారు బెదరి, రెండు దినముల కూలి చెల్లించి, మరల రమ్మన్న దినమున మరల పోవుచున్నారు.

ప్రియులారా, ఉప్పు జాడీలో ఇనుప గరిటె మరచిపోయిన ఇల్లాలిని అడుగుడి, ఆ రంగు ఏమిటో ఆమె చెప్పును. అది త్రుప్పు. జాడీలో కొన్ని దినములు పట్టునది కరెంటు పారినచో అరగంటలో జరుగును. 2004లో ఇంగ్లాండులో బెన్ గోల్డేకర్ అను వైద్యుడు, గార్డియన్ పత్రికలో వ్రాయువాడు, ఉప్పునీళ్లలో మనుష్యుని కాళ్లకు బదులు ఒక ఆటబొమ్మ కాళ్లు పెట్టి, ఇనుప మేకులకు బ్యాటరీ తగిలించి చూచెను. నీళ్లు అట్లే రంగు మారెను. బొమ్మ ఒంటిలో ఏ విషముండును? అట్టి స్నానము చేయించు ఒక చోటినుండి నీళ్లు తెప్పించి పరీక్ష చేయింపగా, ముందు లీటరుకు 0.54 మిల్లీగ్రాములున్న ఇనుము తరువాత 23.6 మిల్లీగ్రాములాయెను. 2012లో కెనడా దేశపు టొరంటోలో ప్రకృతి వైద్య కళాశాలకు చెందినవారే అట్టి తొట్టిని పరీక్షించి, విషలోహములు పాదములగుండ గాని మూత్రముగుండ గాని వెలువడినట్లు రుజువు కనబడలేదని వ్రాసిరి. ఒంటిలోని మలినములను తీయుటకు దేవుడు కాలేయమును, రెండు మూత్రపిండములను ఇచ్చెను. అవి రాత్రింబగళ్లు కూలి అడుగక పని చేయుచున్నవి. అరికాలి చెమటలో ఉన్నది దాదాపు అంతయు నీళ్లే, కొంచెము ఉప్పు.

నయమాను కథ మీరెరుగుదురు. సిరియా సైన్యాధిపతి వెండి బంగారములు, దుస్తులు బండ్లకెత్తించుకొని స్వస్థత కొరకు వచ్చెను. ప్రవక్త అతనిని యొర్దానుకు పంపెను. దమస్కు నదులు ఇంతకంటె మంచివి కావా అని అతడు కోపగించుకొనెను. తుదకు దిగి, ఏడు మారులు మునిగి, శుద్ధుడాయెను. ఎలీషా ఒక్క కాసైనను పుచ్చుకొనలేదు. యొర్దాను నీళ్లకు వెల కట్టినవాడు గేహజీ. రథము వెనుక పరుగెత్తి, అబద్ధమాడి, రెండు మణుగుల వెండియు రెండు దుస్తులును తెచ్చుకొని ఇంటిలో దాచెను. రోగి భయమునకు వెల కట్టువాడు ప్రతి కాలములోను ఉండును, ఇప్పుడు తొట్టి పట్టుకొని వచ్చినాడు.

ఇది రూపాయల నష్టము మాత్రమే అయినచో ఇంత వ్రాయకపోదుము. పొరుగు గ్రామములో ఒక సంఘ పెద్ద, అరువది ఏండ్లు దాటినవారు, చాలకాలముగా చక్కెర వ్యాధి గలవారు. మూడు సార్లు ఆ తొట్టిలో కాళ్లు పెట్టిన తరువాత, విషము దిగిపోయినది, మాత్రలు అక్కరలేదని ఎవరో చెప్పగా నమ్మి మానివేసిరి. ఆ మీదట ఇంటిలోనే వేడి నీళ్లలో ఉప్పు వేసికొని కాళ్లు పెట్టుకొనుచు వచ్చిరి. స్పర్శ తగ్గిన పాదములు గనుక నీళ్లు ఎంత కాగినవో తెలియలేదు. బొబ్బలను కోడలు చూచునప్పటికి నాలుగు దినములైనది. ఆస్పత్రిలో రెండు వ్రేళ్లు తీసివేసిరి. ఆయన ఇప్పుడు కర్ర సాయముతో గుడికి వచ్చుచున్నారు. ఈ సంగతి పత్రికలో వ్రాయుమని ఆయనే మమ్మును కోరిరి.

కాబట్టి చక్కెర వ్యాధి గలవారు పాదములను నానబెట్టవద్దు. దినదినము గోరువెచ్చని నీళ్లతోను సబ్బుతోను కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ ఒత్తి తుడువవలెను. నీళ్ల వేడిని పాదముతో పరీక్షింపక మోచేతితో చూడుడి. మోచేతి స్పర్శయు మీకు అనుమానమైనచో మనుమడిని పిలిచి చూపుడి. వట్టి కాళ్లతో నడువవద్దు. అరికాలు కనబడనిచో అద్దము నేలపై పెట్టి చూచుకొనుడి.

కుష్ఠురోగము వచ్చి తగ్గినవారి సంగతి వేరు. వారి పాదములకు కూడ స్పర్శ ఉండదు, అయితే చెమట పట్టక చర్మము ఎండి బీటలు వారును. డిచ్‌పల్లి, సాలూరు వంటి చోట్లనున్న మిషను ఆస్పత్రులలో కనిపెట్టుకొని ఉన్నవారిని మనలో కొందరెరుగుదురు. 1946లో వెల్లూరునకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు గారు ఈ పాదములను శ్రద్ధగా చూచి, మాంసము తనంతట తానే కుళ్లిపోవుటలేదనియు, నొప్పి తెలియని మనుష్యుడు పుండుమీదనే నడచుటచేత పాదము పాడగుచున్నదనియు చూపిరి. నొప్పి దేవుడిచ్చిన కావలివాడని ఆయన తలంపు. అట్టివారు చల్లని మామూలు నీళ్లలో ఇరువది నిమిషములు నానబెట్టి, గట్టిపడిన చర్మమును గరుకు రాతితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె వ్రాసికొని, కొత్త గాయములున్నవేమో దినదినము చూచుకొనవలెను. నూనె ఏ నూనె అయినను సరే. పాదముల స్నానమునకు వైద్యములో ఇట్టి నిజమైన చోటు ఉన్నది, అయితే దానిలో వింత ఏమియు లేదు. దినదినము విసుగులేక చేయవలసిన పని.

ఇప్పుడు మేడగదికి రండు. ఆ రాత్రి పండ్రెండుగురి పాదములు కడుగబడినవి. యూదా పాదములును వాటిలో కలవు. అతడు అప్పటికే మనస్సులో అమ్మివేసియున్నాడు. అయినను ఇంకను లేచి పోలేదు, ముక్క పుచ్చుకొని చీకటిలోనికి పోయినది ఆ తరువాత. ప్రభువు అతని మడమను చేతిలో పట్టెను. ఆ మడమ రేపు ఏ దారిని నడువనున్నదో ఎరిగియే పట్టెను. నీళ్లు పోసెను, తువాలుతో తుడిచెను. ఆ పళ్లెములోని నీళ్లు యూదా పాదములమీది దుమ్మును తీసినవి. అతనిలోని విషమును తీయలేదు. మీరు పవిత్రులే, అందరు మాత్రము కారు అని ప్రభువు అక్కడనే చెప్పినట్లు యోహాను వ్రాసెను. మనుష్యుని అపవిత్రపరచునది లోపలినుండి, హృదయములోనుండి వచ్చునని మార్కు 7వ అధ్యాయములో ఆయనయే బోధించియుండెను గదా. అరికాలిగుండ దిగిపోవు పాపమును ఆయన ఎన్నడును చెప్పలేదు. మరి దిగిపోదని ఎరిగియు ఎందుకు కడిగెను? యూదా పాదములకును దుమ్ము అంటినది గనుక. అవియు ఆ దినమంతయు నడచి వచ్చిన పాదములే గనుక. ఫలితము చూచి కడుగువాడు మొదటి పదకొండుగురితోనే ఆగిపోవును.

ఈ మాట వ్రాయుచుండగా మాకు మన సంఘములోని ఒక అవ్వ కనులయెదుట నిలిచినది. పేరు వ్రాయము, మీరెరుగుదురు. బోదకాలు గలది. వెనుక తలుపు దగ్గర, గడపకు ఆనుకొని కూర్చుండును. ప్రభురాత్రి భోజనమునకు అందరి తరువాత వచ్చును. ఆమె ప్రక్క చాపమీద ఒక మూర చోటు ఎప్పుడును ఖాళీ. ఒకనాడు ఇల్లు దర్శింపబోయి, ఆ కాలు ఎట్లున్నదో చూతమని వంగితిమి. ఆమె చప్పున చీర కుచ్చిళ్లు క్రిందికి లాగుకొని, "వద్దండి అయ్యగారూ, వాసనొత్తాది" అనెను. పేతురు కూడ కాళ్లు వెనుకకు లాగుకొనెను గదా. అయితే అతని సంకోచము గురువు గొప్పతనము చూచి పుట్టినది. అవ్వ సంకోచము మన ముఖములు చూచి చూచి నేర్చుకొన్నది.

ఈ వ్యాధిని గూర్చి మన పల్లెలలో పలువిధములుగా చెప్పుకొందురు. శాపమందురు, మైల త్రొక్కినదందురు. అది దోమ కుట్టుటవలన వచ్చును. సన్నని పురుగులు ఒంటిలో చేరి, నీరు తిరుగు నాళములను చెడగొట్టగా కాలు వాచును. తరువాత అప్పుడప్పుడు గజ్జలో బిళ్ల కట్టి, చలిజ్వరము వచ్చి, కాలు ఎర్రబడి మంచము పట్టించునే, ఆ జ్వరము వచ్చినప్పుడెల్ల కాలు మరికొంత లావగును. ఈ జ్వరములు ఎక్కువగా వ్రేళ్ల సందులు పాసిన చోట, చర్మము పగిలిన చోట సూక్ష్మజీవులు చొరబడుటవలన వచ్చునని బ్రెజిల్ దేశములోని రెసీఫే పట్టణమున డాక్టరు జెరూసా డ్రైయర్ గారును ఆమె తోడివారును చూపిరి. దీనికి వారు చెప్పిన వైద్యములో ముఖ్యమైనది ఏదనగా, సబ్బుతో కాలు కడుగుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారును నేడు దీనినే బోధించుచున్నారు.

పని ఎట్లనగా: మామూలు నీళ్లు, వేడివి కావు. మోకాలినుండి క్రిందికి సబ్బు రాయవలెను. మడతలలోను, ఒక్కొక్క వ్రేలి సందులోను, పలుచని గుడ్డతో మెల్లగా. గట్టిగా రుద్దకూడదు. కాలినుండి జారు నీళ్లు తేటగా వచ్చువరకు పోయవలెను. తరువాత అద్దినట్లు తుడిచి, సందులలో తడి నిలువకుండ చూడవలెను. పాసినచోట నర్సమ్మగారిచ్చు లేపనము వ్రాయవలెను. కూర్చున్నప్పుడు కాలు పీటమీద ఎత్తి పెట్టవలెను. కాలు మునుపటివలె సన్నబడునని మేము ఆశ పెట్టము. జ్వరములు తగ్గును, వాసన పోవును, మనిషి పనికి పోగలడు. చిన్నవారికి ఈ వ్యాధి రాకుండ ప్రభుత్వమువారు పంచు మాత్రలను ఎదుట పుచ్చుకొని, వెనుక చెట్టుక్రింద పారవేయువారు కొందరున్నారు, అది మానుకొనుడి.

ఆ అవ్వ కాలు మొదట చేతితో పట్టి కడిగి చూపినది ఆరోగ్య కేంద్రపు నర్సమ్మగారు. ఆమె మన సంఘపుది కాదు, మన మతముది కాదు. మెట్టుమీద అవ్వను కూర్చుండబెట్టి, తాను నేలమీద కూర్చుండి, కాలు తన మోకాలిమీద పెట్టుకొని కడిగెను. ముక్కుకు గుడ్డ అడ్డము పెట్టుకొనలేదు. అవ్వ మొదట సిగ్గుపడి, తరువాత నవ్వి, తరువాత ఏడ్చినది. నీళ్లు పోయుచున్నంతసేపు నర్సమ్మగారు కోళ్లను గూర్చి మాటలాడుచునే ఉండిరి, అవ్వకు కోళ్లు కలవు గనుక.

మన తాతలకు ఎవరును చెంబు చేతికి అందింపలేదు. దోసిలి పట్టి వంగినవారికి ఎత్తునుండి నీళ్లు పోసిరి. పోయుచు దూరము జరిగిరి. ఆ దూరము ఎట్టిదో మనకు ఎవరును వివరింపనక్కరలేదు, మనలో పెద్దలు తమ కన్నులతోనే చూచిరి. సువార్త మన పేటకు వచ్చినప్పుడు మన పెద్దలను లాగినది వాదములు కావు. ఎవరో వచ్చి మన మంచముమీద కూర్చుండిరి, మన బిడ్డల పుండ్లు కడిగి కట్టిరి. అట్టివారి మనుమలమైన మనము గుడిచాపమీద ఒక మూర చోటు ఖాళీగా విడుచుట ఎట్లు తగును? ప్రభువు తాను చేసినట్లు మీరును చేయుడని చెప్పినది ఆచారము కొరకేనని కొందరందురు. సంవత్సరమునకు ఒకమారు, శుభ శుక్రవారమునకు ముందటి గురువారమున, ముందుగా ఇంటియొద్ద కడుగుకొని వచ్చిన శుభ్రమైన పాదములను పాదిరి మరల కడుగుట. అది చేసినను తప్పులేదు. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో విధవరాండ్ర పట్టీలో చేర్చుటకు తగిన గుణములను చెప్పుచు, పిల్లలను పెంచుట, అతిథులను చేర్చుకొనుట, శ్రమలోనున్నవారికి సాయపడుట వీటి నడుమ పరిశుద్ధుల కాళ్లు కడుగుటయు చేర్చెను. ఇంటి పనుల వరుసలో చేర్చెను, ఆరాధన క్రమములో కాదు.

ఈ నెల మొదలుకొని ప్రతి శనివారము సాయంకాలము, పొలములనుండి వచ్చు వేళకు, గుడి వెనుక బోరింగు దగ్గర కాళ్లు కడుగు ఏర్పాటు చేయుచున్నాము. నర్సమ్మగారు మొదటి రెండు వారములు వచ్చి చూపుదురు. స్త్రీల సమాజమువారు స్త్రీలకును, యౌవనులు పురుషులకును కడుగవలెను. బోదకాలు గలవారు, కుష్ఠు తగ్గినవారు, చక్కెర వ్యాధి గలవారు ముందు. నడుము నొప్పితోను అలసటతోను వచ్చువారు తరువాత. ఏ మతమువారైనను రావచ్చును. ఒక్క పైసా పుచ్చుకొనము. ఇప్పటికి బకెట్లు నాలుగు, పీటలు రెండు సమకూడినవి. అవ్వ ఇంకను వత్తునని ఒప్పుకొనలేదు. ఆమె ప్రక్కింటివారు కొంచెము నచ్చజెప్పవలెను. తుడుచుటకు గుడ్డలు చాలవు. క్రొత్త తువాళ్లు గరుకుగా ఉండి తడి పీల్చవు గనుక, పాత నూలు చీరలు చింపి, ఉతికి, ఎండలో ఆరవేసి ఆదివారము తెచ్చి ఇయ్యవలెనని కోరుచున్నాము.